ఏ నీళ్లకి ఏ పడవ: టెక్సస్ సరస్సుల్లో చిన్న అల్యూమినియం బోటు కొనేవారికి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో చేపల సరదా పట్టుకున్నవాళ్లు ఎక్కువగా ఒడ్డున కుర్చీ వేసుకుని క్యాట్‌ఫిష్‌కి గాలం వేయడంతో మొదలుపెడతారు. వంతెన స్తంభాల దగ్గర పడవల్లో ఉన్నవాళ్లు క్రాపీ చేపల్ని వరసగా లాగుతుంటే చూశాక ఒడ్డు చాలదనిపిస్తుంది. షోరూంకి వెళ్తే బాస్ చేపల వేటకి చేసిన మెరిసే బాస్ బోటు ధర చూసి వెనక్కి వచ్చేస్తారు. కయాక్ చవకే గానీ స్నేహితుడినో పిల్లాడినో పక్కన కూర్చోబెట్టుకునే వీలుండదు. అలా తిరిగి తిరిగి చాలామంది చేరేది 12 నుంచి 16 అడుగుల అల్యూమినియం పడవ దగ్గరికి.

అక్కడ మొదట అడిగే ప్రశ్న సాధారణంగా ‘ఏ కంపెనీ మంచిది?’ అని. నా దృష్టిలో అది చివర్లో అడగాల్సింది. ట్రాకర్, ‘లో’ (Lowe), లండ్, ఆల్యూమాక్రాఫ్ట్, వీళ్లందరి చిన్న పడవలూ ఒకే కొలతలో పక్కపక్కన పెడితే తేడాలు స్వల్పం. అసలు తేడా పడవ అడుగు ఆకారంలో, అడుగు వెడల్పులో ఉంటుంది. ఆ రెండూ మీరు వెళ్లే సరస్సుని బట్టి, ఆ సరస్సు మీద వీచే గాలిని బట్టి తేలాలి.

చదును అడుగా, వి అడుగా

జాన్ బోటు అంటే అడుగు బల్లపరుపుగా, ముక్కు కోసుగా కాకుండా చదరంగా ఉండే పడవ. గోదావరి రేవుల్లో మోటారు సైకిళ్లనీ కార్లనీ దాటించే పంటుని బాగా కుదిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కొద్ది అంగుళాల నీళ్లున్నా తేలుతుంది, నాచు మీదుగా జారిపోతుంది, బురద ఒడ్డుకి ముక్కు ఆనించి దిగిపోవచ్చు. నిలబడి గాలం విసరడానికి కాళ్ల కింద స్థిరంగా ఉంటుంది. చిన్న మోటారుతోనే నీటి మీదికి లేచి పరుగెత్తుతుంది.

దాని ఇబ్బంది అలల్లో తెలుస్తుంది. అడుగుకి అలని కోసే అంచు లేదు కాబట్టి ప్రతి అలా డబ్బుమని కొడుతుంది, నడుం పట్టేస్తుంది, ముందు కూర్చున్నవాళ్లు తడిసిపోతారు. ముక్కు ఎత్తు తక్కువ. పెద్ద బోటు ఏదో దగ్గర్నుంచి దూసుకుపోయినప్పుడు దాని అల సూటిగా లోపలికి ఎక్కేయగలదు. పైగా అడుగు చదును, బరువు తక్కువ కావడంతో పక్క గాలి దాన్ని ఇష్టమొచ్చినట్టు నెట్టుకుపోతుంది.

వి ఆకారం పడవకి ముక్కు కోసుగా, పైకి లేచి ఉంటుంది. అడుగు ముందు భాగం అలని చీల్చి పక్కలకి తోసేస్తుంది. పక్కగోడలు ఎత్తు, లోపల లోతు ఎక్కువ. గాలిలో కూడా తిన్నగా వెళ్తుంది, తెడ్డు వేసినా మాట వింటుంది. అయితే ఎక్కేటప్పుడు ఒక పక్కకి కాలు పెడితే వెంటనే ఒరుగుతుంది. కొత్తవాళ్లు ఆ ఊపుకి హడలిపోయి ‘ఇది ప్రమాదకరం’ అనేస్తారు. నిజానికి కొంత ఒరిగాక అది గట్టిగా నిలుస్తుంది. జాన్ బోటు దీనికి పూర్తిగా వ్యతిరేకం: మొదట్లో కదలదు, ఓ హద్దు దాటితే మాత్రం చెప్పాపెట్టకుండా నీళ్లు తీసుకుంటుంది. మొదటి అడుగులో కలిగే ధైర్యాన్ని బట్టి పడవ భద్రతని అంచనా వేయకండి.

రెండింటికీ మధ్యరకం కూడా దొరుకుతుంది. ముందు కొద్దిగా వి, వెనక చదును. కేటలాగ్‌లో పేరులో ‘ఎంవి’ (మాడిఫైడ్ వి) అని ఉంటే అదే. చిన్న అలల్ని చదును అడుగు కన్నా బాగా తట్టుకుంటుంది. ఒకటి రెండు అంగుళాల లోతు ఎక్కువ కావాలి, అంతే.

అమెరికాలో దక్షిణాన జాన్ బోటు, ఉత్తరాన వి పడవ పాతుకుపోవడం ఊరికే జరగలేదు. దక్షిణాన బురద నదులు, చిత్తడి అడవులు. మిన్నెసోటాలో గాలికి ఎదురుగా తెరిచి ఉండే పెద్ద సరస్సులు. లండ్ కంపెనీ 1948లో మొదలైంది కూడా మిన్నెసోటాలోని న్యూయార్క్ మిల్స్ అనే చిన్న ఊళ్లోనే. కాబట్టి మిన్నియాపోలిస్‌లో ఉన్న మీ తమ్ముడు ‘వి తప్ప ఇంకేదీ పడవే కాదు’ అంటే అతని నీళ్లకి అతను చెప్పింది కరెక్టే. మీ నీళ్లకి అదే వర్తిస్తుందా అన్నది వేరే సంగతి.

ప్రశాంతమైన నీళ్లంటే ఏవి?

కేటలాగ్‌లో ‘ప్రశాంత జలాలకు అనువైనది’ అని రాసినప్పుడు చిన్న చెరువో, మలుపులున్న వాగో వాళ్ల మనసులో ఉంటుంది. ఉత్తర టెక్సస్‌లో ఉదయం ఆరింటికి అద్దంలా ఉన్న సరస్సు పదకొండయ్యేసరికి తెల్ల నురగ కట్టడం వసంతకాలంలో మామూలే. నీళ్లు ప్రశాంతంగా ఉంటాయా లేదా అన్నది గాలి ఎంత దూరం అడ్డు లేకుండా నీటి మీద పరుగెత్తగలదో దాని మీద ఆధారపడుతుంది. అందుకే సరస్సు విస్తీర్ణం కన్నా దాని ఆకారాన్ని మ్యాప్‌లో చూడటం ముఖ్యం.

డాలస్‌కి ఆగ్నేయంగా ఉన్న పర్టిస్ క్రీక్ స్టేట్ పార్క్ చెరువు 355 ఎకరాలు. అక్కడ బోట్లు అల లేవకుండా నెమ్మదిగానే నడపాలి. అలాంటిచోటికి సాదా చదును అడుగు చాలు, ఎలక్ట్రిక్ మోటారు చాలు, ఇంకేమీ అక్కర్లేదు. లూసియానా సరిహద్దులోని క్యాడో సరస్సు సైప్రస్ చెట్ల మధ్య, నాచు మధ్య, లోతు తక్కువగా ఉంటుంది. జాన్ బోటు కోసమే పుట్టిన నీళ్లవి. వి పడవతో వెళ్తే సగం దారులు మూసుకుపోతాయి.

లేక్ ఫోర్క్ కథ వేరు. 1980లో ఆనకట్ట పూర్తయ్యాక నీళ్లు నిండిన ఈ సరస్సులో చెట్లని చాలామేరకు నరకకుండా వదిలేశారు. ఇప్పటికీ నీటి మట్టానికి కాస్త కింద మొద్దులు పొంచి ఉంటాయి. పెద్ద బాస్ చేపలకి ఆ సరస్సు పేరు పడటానికీ ఆ మొద్దులు ఓ కారణం, పడవ అడుగులు సొట్టలు పడటానికీ అవే కారణం. దాదాపు 27 వేల ఎకరాలు కాబట్టి గాలికీ కొదవ లేదు. అక్కడికి తరచుగా వెళ్లేవాళ్లు మందం ఎక్కువున్న రేకుతో చేసిన మధ్యరకం పడవ తీసుకోవడం మంచిది.

లూయిస్‌విల్, రే రాబర్ట్స్, లవాన్ సరస్సులు మన ఇళ్లకి దగ్గర. అందుకే ఎక్కువమంది వెళ్లేది వీటికే. లూయిస్‌విల్‌లో గాలి కన్నా ముందు మనుషుల అలలు ఇబ్బంది పెడతాయి. ఎండాకాలం శనివారం మధ్యాహ్నం వేక్‌బోర్డు బోట్ల మధ్య 14 అడుగుల జాన్ బోటులో కూర్చోవడం సరదా అనిపించుకోదు. తెల్లవారుజామున వెళ్లి పదింటికి తిరిగొచ్చేవాళ్లకి, వాగులు సరస్సులో కలిసే ఇరుకు పాయల్లోనే ఉండేవాళ్లకి మధ్యరకం సరిపోతుంది. ఇక్కడ ఎక్కువ రోజులు గాలి దక్షిణం నుంచి వీస్తుంది. అంటే దక్షిణపు ఒడ్డు చాటున నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, ఉత్తరపు ఒడ్డుకి అలలు పెరిగి పెరిగి చేరతాయి. పొద్దున గాలి లేనప్పుడు ఉత్తరానికి హాయిగా వెళ్లిపోయి, తిరుగు దారిలో ఎదురుగాలిలో ఇరుక్కోవడం కొత్తవాళ్లకి జరిగే పొరపాటు. పడవని నీళ్లలోకి దించే బోటు ర్యాంప్ ఎంచుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోండి.

ఇక టెక్సోమా. రెడ్ రివర్ మీద డెనిసన్ ఆనకట్ట వెనక, టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులో పరుచుకున్న 89 వేల ఎకరాల నీళ్లు. స్ట్రైపర్ చేపల మోజులో చిన్న జాన్ బోటుతో దాని నడిమధ్యకి వెళ్లేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. నేనైతే 16 అడుగుల, ఎత్తు గోడల వి పడవ లేకుండా అక్కడ నడిమధ్యకి వెళ్లొద్దంటాను. ఏడాదికి ఓసారి వెళ్లేవాళ్లు గైడ్‌ని మాట్లాడుకోవడమే తేలిక. ఆ ఒక్క రోజు కోసం పెద్ద పడవ కొనక్కర్లేదు. మీరు 90 శాతం ఎక్కడ గాలం వేస్తారో ఆ నీళ్లకే కొనండి.

1436, 1448 అంటే

జాన్ బోట్ల పేర్లలో కనిపించే అంకెలు నిజంగా పనికొచ్చే సమాచారం. 1436 అంటే పొడవు 14 అడుగులు, అడుగు వెడల్పు 36 అంగుళాలు. 1448 అంటే అదే పొడవు, వెడల్పు 48 అంగుళాలు. పొడవు చూసి కొనేవాళ్లు చాలామంది ఈ రెండో సంఖ్యని పట్టించుకోరు. మనిషి నిలబడి పక్కకి వంగి చేపని వలలోకి ఎత్తుతున్నప్పుడు పడవ ఒరగకుండా పట్టుకునేది ఆ వెడల్పే.

1436లో ఒక్కరు హాయిగా నిలబడి విసరవచ్చు. ఇద్దరూ ఒకేసారి నిలబడితే ఒకరి కదలికకి ఇంకొకరు తూలుతుంటారు. 1448లో ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లవాడు, ఐస్ డబ్బా, బ్యాటరీ, లంగరు అన్నీ సర్దుకున్నాక కూడా కాలు పెట్టే చోటు మిగులుతుంది. కాబట్టి వేరే అడ్డు లేకపోతే 1448 కొనమనే నా సలహా. 1436 ఎప్పుడు తీసుకోవాలంటే, ఎక్కువగా ఒంటరిగా వెళ్లేవాళ్లు, ర్యాంప్ లేని చెరువుల్లోకి పడవని చేత్తో దించుకునేవాళ్లు తీసుకోవాలి. ఖాళీ 1436 దాదాపు 200 పౌన్ల లోపే ఉంటుంది, ఇద్దరు మోసేయొచ్చు. 1448లో, అందులోనూ మందం రేకు ఉన్నదాంట్లో, ఆ సౌకర్యం ఉండదు. 1032, 1236 లాంటివి ట్రక్కు వెనక వేసుకుని చిన్న చెరువుకి పోవడానికి బాగుంటాయి గానీ పిల్లలతో వద్దు.

పడవ లోపల అంటించిన సామర్థ్యం ప్లేటు చదవడం మర్చిపోకండి. 20 అడుగుల లోపు ఔట్‌బోర్డ్ పడవలకి (వెనక గోడకి బయట మోటారు తగిలించేవాటికి) ఆ ప్లేటు ఉండాలని అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన. ఎంతమంది, ఎంత బరువు, ఎంత హార్స్‌పవర్ అన్న మూడు విషయాలూ అందులో ఉంటాయి. మనుషుల లెక్క సరిపోయినా బరువు లెక్క దాటిపోవడం మామూలే, ఎందుకంటే మోటారు, పెట్రోలు, బ్యాటరీ, సామాను అన్నీ మొత్తం బరువు కిందికే వస్తాయి. నలుగురు అని రాసి ఉంటే ముగ్గురితో వెళ్లడం నాకు నచ్చిన పద్ధతి.

ముందు భాగంలో ఎత్తు డెక్కు, తిరిగే కుర్చీలు బిగించుకోవాలన్న కోరిక అందరికీ కలుగుతుంది. 48 అంగుళాల అడుగు మీద ఓ మోస్తరు డెక్కు పర్వాలేదు. 36 అంగుళాల మీద మనిషి బరువుని అంత పైకి ఎత్తితే పడవ నిలకడ పోతుంది. బెంచీలున్న సాదా పడవే ఆ కొలతకి సరి. ఒక సంగతి, ఆగస్టు ఎండలో అల్యూమినియం బెంచీ మీద కూర్చోలేరు. ఫోమ్ చాపలు వేయించుకోండి. చప్పుడు కూడా తగ్గుతుంది.

రేకు, రివెట్లు, వెల్డింగ్

చవక పడవల్లో రేకు మందం 0.050 అంగుళం ఉంటుంది. మొద్దులూ రాళ్లూ లేని నీళ్లకి అది చాలు. 0.063 మామూలు వాడకానికి మంచి మందం. 0.100 అంటే గట్టి పడవ, బరువూ ధరా దానికి తగ్గట్టే. రివెట్లా వెల్డింగా అన్న వాదన ఎంతసేపైనా నడుస్తుంది. వెల్డింగ్ పడవ అతుకుల దగ్గర కారదు, రాళ్లకీ మొద్దులకీ కొట్టుకునే చోట ఎక్కువకాలం నిలుస్తుంది. రివెట్ల పడవ తేలిక, చవక. ఏళ్లు గడిచాక కొన్ని రివెట్లు వదులై నీళ్లు చెమర్చినా ఇంట్లోనే బిగించుకోవచ్చు. ప్రశాంత జలాల్లో నెలకి రెండుసార్లు తిరిగే పడవకి రివెట్లు చాలు. లేక్ ఫోర్క్ మొద్దుల మధ్య తిరిగేవాళ్లయితే వెల్డింగ్‌కి డబ్బు పెట్టండి.

మోటారు

చిన్న చెరువులకి, పాయలకి పడవని నెమ్మదిగా నడిపే ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు, 55 పౌన్ల నెట్టే బలం ఉన్నది, చాలు. పూర్తి వేగంలో అది దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ రెండు గంటలు, తగ్గించి నడిపితే చాలా ఎక్కువసేపు వస్తుంది. అదే సామర్థ్యం ఉన్న లెడ్ బ్యాటరీని సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది, బరువూ రెట్టింపు ఉంటుంది. చిన్న పడవలో ఆ బరువు తేడా బాగా తెలుస్తుంది. అయితే ఎదురుగాలి లేస్తే ఎలక్ట్రిక్ మోటారు ఒక్కటే ఉన్నవాళ్లకి టెన్షన్ తప్పదు.

పెద్ద సరస్సుకి పెట్రోలు మోటారు ఉండాలి. 1436కి 9.9 హార్స్‌పవర్ సరిపోతుంది. 1448లో ముగ్గురితో 9.9 అయితే పడవ నీటి మీదికి లేవదు, దున్నుకుంటూ వెళ్తుంది. ప్లేటు ఒప్పుకుంటే 20 పెట్టండి. కంపెనీ సంగతి, మీకు 30 మైళ్ల లోపు రిపేరు చేసేవాడు ఏ కంపెనీది చూస్తాడో అది కొనండి. ఖాళీ పడవ కన్నా కొత్త మోటారుకే ఎక్కువవుతుందని బడ్జెట్ వేసేటప్పుడు గుర్తుంచుకోండి. మూడు హార్స్‌పవర్లూ ఆపైన మోటారుకి కిల్ స్విచ్ తాడు (నడిపేవాడు నీళ్లలో పడితే మోటారుని ఆపేసేది) మనిషికి తగిలించుకోవడం 2021 ఏప్రిల్ నుంచి దేశమంతటా చట్టం. ఒక్కరే వెళ్లేవాళ్లకి చట్టం లేకపోయినా అది ప్రాణాధారమే.

ఇంట్లో ఎక్కడ పెడతారు?

దీన్ని ఆఖర్న ఆలోచించి తల పట్టుకునేవాళ్లు ఎందరో. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ కాలనీల్లో చాలాచోట్ల డ్రైవ్‌వేలో పడవ పెడితే హెచ్‌వోఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వస్తుంది. గరాజ్ లోతు సాధారణంగా 20 అడుగులు. 14 అడుగుల పడవ ట్రైలర్ కడ్డీతో కలిపి ఐమూలగా కాకుండా తిన్నగానే పడుతుంది. 16 అడుగులది మోటారుతో సహా బయటికి పొడుచుకొస్తుంది. కడ్డీ మడత పడే ట్రైలర్లు దొరుకుతాయి, కొంత నయం. టేపు పట్టుకుని గరాజ్ కొలిచాకే షోరూంకి వెళ్లండి. స్టోరేజీకి నెలనెలా అద్దె కట్టాల్సి వస్తే చవక పడవ చవక కాకుండా పోతుంది.

లాగడానికి ట్రక్కే ఉండాలని లేదు. చాలా ఆర్‌ఏవీ4, సీఆర్-వీ మోడళ్ల పరిమితి 1,500 పౌన్లు. 1448, మోటారు, ట్రైలర్ అన్నీ కలిపినా సాధారణంగా ఆ లోపే. ఒడిస్సీ లాంటి మినీవ్యాన్‌కి ఇంకా తేలిక. మీ కారు పుస్తకంలో అంకె ఒకసారి చూసుకోండి, మోడల్‌ని బట్టి మారుతుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే

అల్యూమినియం పడవైతే వాడినది కొనడమే నేను ఇష్టపడతాను. ఎండకీ వానకీ త్వరగా పాడయ్యేది కాదది. చూడాల్సినవి మాత్రం శ్రద్ధగా చూడాలి. ట్రైలర్ మీదే ఉంచి, నీళ్లు బయటికి పోయే రంధ్రానికి ప్లగ్ బిగించి, లోపల కొన్ని అంగుళాలు నీళ్లు పట్టించి కిందికి వంగి చూడండి. ఎక్కడ కారుతుందో అక్కడే కనిపిస్తుంది. మోటారు బిగించే వెనక గోడలో ప్లైవుడ్ ఉంటుంది, అది కుళ్లిందేమో మోటారు పట్టుకుని ఊపి చూస్తే తెలుస్తుంది. కార్పెట్ కింద మందు పట్టించిన చెక్క వేసి ఉంటే జాగ్రత్త. ఆ మందులోని రాగి, తేమ తగిలినచోట అల్యూమినియాన్ని తినేస్తుంది, పైకి ఏమీ కనబడదు. ఒక మూల కార్పెట్ ఎత్తి చూపించమనండి. బెంచీల కింది ఫోమ్ నీళ్లు పీల్చుకుని ఉంటే పడవ అనవసరంగా బరువుగా అనిపిస్తుంది.

పడవ ఒకచోట, మోటారు ఇంకోచోట కొంటుంటే వెనక గోడ ఎత్తు కొలవండి. 15 అంగుళాల గోడకి షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాడ) మోటారు, 20 అంగుళాలకి లాంగ్ షాఫ్ట్ (పొడుగు కాడ) మోటారు. తారుమారైతే రెక్కలు గాలి పీలుస్తాయి, లేదా అనవసరంగా లోతుకి దిగి నేలకి తగులుతాయి.

లైఫ్ జాకెట్లు పాతవి ఇస్తామంటే తీసుకోకండి, మనిషికి సరిపోయే సైజువి కొత్తవి కొనండి. టెక్సస్‌లో 13 ఏళ్ల లోపు పిల్లలు చిన్న పడవ కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలి. 16 అడుగులూ ఆపైన పడవలకి విసిరే కుషన్ లాంటిది కూడా అదనంగా ఉండాలి. ఈత రాని పెద్దవాళ్లు మనలో ఎక్కువ, వాళ్లకీ పిల్లల రూలే పెట్టేయండి. సరస్సు నుంచి బయటికొచ్చాక ప్లగ్ తీసి నీళ్లన్నీ వదిలేయడం కూడా ఇక్కడ చట్టమే. సరస్సుల్ని పాడుచేసే జీబ్రా ఆల్చిప్పలు 2009లో టెక్సోమాలో బయటపడ్డాక ఇలాంటి నీళ్లతో కూడా మరిన్ని సరస్సులకి పాకాయి.

కాగితాల దగ్గర తొందర వద్దు. టెక్సస్‌లో పడవకి ఒక టైటిల్ (యాజమాన్య పత్రం), ఔట్‌బోర్డ్ మోటారుకి వేరే టైటిల్ ఉంటాయి, రెండూ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇచ్చేవే. ట్రైలర్ సంగతి కౌంటీ ఆఫీసులో చూసుకోవాలి. టైటిళ్ల మీది నంబర్లు పడవ వెనక కుడి మూల చెక్కిన నంబరుతో, మోటారు మీది నంబరుతో కలుస్తున్నాయో లేదో అక్కడే చూడండి. ‘మోటారు టైటిల్ ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత పంపిస్తాను’ అని అమ్మేవాడు అంటే, డబ్బు కూడా ఆ టైటిల్ చేతికొచ్చిన రోజే ఇస్తానని చెప్పండి.